రీలు నాటి లెన్సుతో ఒతీలియా తీసిన గ్రహణం

మా నాసాస్ ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరి మొదటి ఫోటో తీసింది ఒతీలియా రెంతెరీయానే. జ్ఞానస్నానం నాటి ఏడుపు మొహం, బడి కార్డు మీద బిక్కమొహం, పదిహేనో పుట్టినరోజున బిగుతు గౌనులో ఊపిరి బిగపట్టిన మొహం, పెళ్ళి మొహం, చివరికి సమాధి రాయి మీద అతికించే మొహం కూడా ఆవిడ తీసినవే. చౌకులో రొట్టెల కొట్టు పక్కన ఒకటే గది ఆవిడ స్టూడియో, దాని వెనకే ఇల్లు, పెరడు. నేను ఎదురింట్లో ఉంటాను. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. ఆవిడ కూతురు లుక్రేసియాకి జ్ఞానస్నానం నాడు రెండో తల్లిగా నిలబడింది నేనే. అప్పటినుంచి మేమిద్దరం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. ఆవిడకి నేను కొమాద్రే, అంటే బిడ్డకి తోటితల్లి. నాకు ఆవిడా కొమాద్రే.

పందొమ్మిదేళ్ళ వయసులో ఒతీలియా తొర్రెయోన్ పట్నం వెళ్ళి, అక్కడ పత్రికకు బేస్‌బాల్ ఆటల ఫోటోలు తీసే డోన్ అన్సెల్మో బెర్లాంగా దగ్గర పనికి కుదిరింది. చీకటి గదిలో రీళ్ళు కడగడం, ఆరబెట్టడం ఆవిడ పని. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయనకు చేతులు వణకడం మొదలైంది. ఆఖరి రోజున తన పొడవాటి లెన్సును ఉన్ని కంబళిలో చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"బంతి కొట్టేవాడి కనురెప్పలు కూడా లెక్కపెట్టచ్చు దీంతో. నా చేతులకి ఇక లెక్క కుదరదు. నువ్వు తీసుకెళ్ళు పిల్లా" అన్నాడట.

మోచేతి నుంచి వేళ్ళ చివరి దాకా ఉండే ఆ జపాను లెన్సు అలా మా ఊరు వచ్చింది. ఊళ్ళో పెళ్ళిళ్ళకి అది పనికిరాదు. ఆదివారాలు నది ఒడ్డున సబీనో చెట్ల మీద వాలే కొంగల్ని, బడి మైదానంలో ఆటల్ని తీసేది దాంతో.

తొంభై ఒకటిలో గ్రహణం వచ్చింది. మా దగ్గర సూర్యుడు ముప్పాతికకు పైగా మూసుకుపోతాడని రేడియోలో చెప్పారు. ఒతీలియా కొత్త రీలు కొని, రెండు వారాల ముందే పొడవాటి లెన్సు తుడిచి పెట్టుకుంది. కానీ అప్పుడు ఆవిడకి ఏడో నెల. అత్తగారు డోన్యా పెత్రా పొద్దున్నే నడుముకి ఎర్ర రిబ్బను కట్టి, దానికి నాలుగు పిన్నీసులు గుచ్చి, వెనక గదిలో కూర్చోబెట్టి కిటికీకి దుప్పటి కట్టింది.

"బిడ్డ పెదవి చీలితే నీ కెమెరా కుడుతుందా?" అంది.

తోడుగా నన్ను కూర్చోబెట్టారు. బయట కోళ్ళు గూటికి చేరాయి, కుక్కలు అరిచాయి, జనం ఈలలు వేశారు. లోపల మేమిద్దరం చీకట్లో బఠానీలు ఒలిచాం. ఒతీలియా ఏడవలేదు. "ఇంకోటి ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. రెండు నెలలకి లుక్రేసియా పుట్టింది. పెదవులు నిండుగా ఉన్నాయి. వాటి మధ్య నుంచి వచ్చే మాటల పదును గురించి ఊరంతా చెబుతారు.

ఇంకోటి వచ్చేసరికి ముప్పై మూడేళ్ళు పట్టింది. ఈసారి నీడ సరిగ్గా మా నెత్తి మీదుగానే పోతుందని, నాలుగు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు సూర్యుడు పూర్తిగా మాయమవుతాడని ఏడాది ముందే తెలిసింది. ఊరికి రంగులు వేశారు, చౌకులో బల్లలు మార్చారు. ఎప్పుడూ మా వైపు చూడని వాళ్ళు కూడా గదులు దొరుకుతాయా అని ఫోన్లు చేశారు. అప్పటికి ఒతీలియాకి అరవై ఏడేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. రీళ్ళు కడిగే మందులు దొరకక చీకటి గదిలో పెకాన్ కాయల బస్తాలు పెట్టుకుంది. కార్డు ఫోటోలకి చిన్న డిజిటల్ డబ్బా ఒకటి వాడేది. గోమెస్ పలాసియో పట్నంలో నర్సుగా పనిచేసే లుక్రేసియా ఆ శీతాకాలంలో ఎవరో వాడి వదిలేసిన మంచి డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. లెన్సు లేదు, ఒట్టి పెట్టె.

"దీనికి లెన్సు?" అంది తల్లి.

"కంబళిలో చుట్టి అల్మారా మీద పెట్టుకున్నావుగా, అది పట్టదా?"

"పడుతుందో లేదో ఎవరికి తెలుసే."

తెలిసినాయన జనవరిలో వచ్చాడు. రాజధాని నుంచి గ్రహణం బృందాలకి సలహాదారుగా వచ్చిన ఇంజనీరు ఎవారిస్తో కిహానో. సాంస్కృతిక భవనంలో చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లందరికీ ఒక మధ్యాహ్నం పాఠం చెప్పాడు. నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మాటల మధ్యలో ఆయన, "ఇళ్ళల్లో ఫిల్ము కాలం నాటి లెన్సులు ఉంటాయి, వాటిని అద్దాల బీరువాలోనే ఉంచండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఒతీలియా లేచి నిలబడింది.

"ఎందుకని ఇంజనీరుగారూ?"

ఆయన మర్యాదస్తుడు. నవ్వకుండా, పెద్దావిడని గౌరవంగా డోన్యా అని పిలిచి జవాబు చెప్పాడు. "డోన్యా, ఫిల్ము ఎండిన నేల లాంటిది. వాన ఏటవాలుగా పడ్డా తాగేస్తుంది. డిజిటల్ కెమెరాలో ఫిల్ముకి బదులు ఉండే సెన్సరు మీద కోట్ల చిన్న చిన్న గిన్నెలు ఉంటాయి. నిటారుగా పడ్డ చినుకే అడుక్కి చేరుతుంది. పాత లెన్సులు వెలుతుర్ని అంచుల్లో ఏటవాలుగా పడేస్తాయి. ఇంకోటి, ఫిల్ము మెరవదు, సెన్సరు మెరుస్తుంది. దాని మీద పడ్డ వెలుతురు వెనక్కి వెళ్ళి లెన్సు వెనక అద్దానికి తగిలి మళ్ళీ వస్తుంది. ఫోటో మధ్యలో దెయ్యంలా ఓ మరక. మూడోది, పాత అద్దాలు రంగుల్ని విడగొడతాయి. ఫిల్ములో కనపడనంత సన్నటి ఊదా అంచు సెన్సరులో స్పష్టంగా కనిపిస్తుంది."

"అన్ని లెన్సులూ అంతేనా?"

"దాదాపు."

"ఆ 'దాదాపు'లో ఎన్ని ఉంటాయండీ?"

ఈసారి నవ్వింది ఇంజనీరే. "అది మీరే చూసి చెప్పాలి" అన్నాడు.

ఇంటికి వస్తూ దారిలో నేను ఆవిడ తరఫున కోపం తెచ్చుకున్నాను. "బీరువాలో పెట్టుకోమంటాడా!" అన్నాను. ఒతీలియా నా మాట వినడం లేదు. "వాన ఏటవాలుగా పడితే..." అని తనలో తనే అనుకుంటోంది. ఆ రాత్రే పాత పుస్తకంలో తెల్లకాగితం తీసి మూడు మాటలు రాసుకుంది: అంచులు, మరక, ఊదా.

ముందు లెన్సును పెట్టెకి బిగించాలి. దాని మూతి వేరు, దీని మూతి వేరు. మధ్యలో ఒక కడియం కావాలి. పెకాన్ తోటల నీటి పంపులు బాగుచేసే ఫిదెన్సియో దగ్గరికి రెండూ పట్టుకెళ్ళింది. లేతు మిషను మీద అల్యూమినియం ముక్క తిప్పుతూ ఫిదెన్సియో అడిగాడు, "ఎంత మందం కావాలి డోన్యా?"

"నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? చంద్రుడు స్పష్టంగా కనపడేంత."

"పంపు షాఫ్టుకి కొలతలు చెబుతారు గానీ, చంద్రుడి కొలత ఇప్పుడే వింటున్నా."

మొదటి కడియంతో ఏటి అవతలి చెట్లు బాగా వచ్చాయి, చంద్రుడు రాలేదు. ఎంత తిప్పినా అంచు మెత్తగానే ఉండిపోయింది. కడియం వెంట్రుకవాసి లావైతే చాలు, దూరమంతా చేజారిపోతుందని ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఫిదెన్సియో గీశాడు. మళ్ళీ గీశాడు. నాలుగోసారి మరీ పలచన చేశాడు, లోపల సిగరెట్ పెట్టె వెండి కాగితం కత్తిరించి వేశాడు. ఆ సాయంత్రం చంద్రుడి గుంటల అంచులు సూదిమొనల్లా నిలబడ్డాయి. ఫిదెన్సియో కెమెరా వెనక అద్దంలోకి చూసి టోపీ తీసి, "ఇది నా లేతు చేసిన పనేనా!" అన్నాడు. 

తర్వాత రెండు నెలలు నా కొమాద్రే ఇంజనీరు మాటల్ని ఒక్కొక్కటీ పరీక్షకి పెట్టింది. పెళ్ళి గుంపుల కోసం వాడిన పాత వెడల్పు లెన్సు బిగించి చర్చి గోడ తీసింది. మూలల్లో ఇటుకలు కారిపోయినట్టు వచ్చాయి, అంచులు గులాబీ రంగుకి తిరిగాయి. "ఆయన చెప్పింది అక్షరాలా నిజం" అని పుస్తకంలో రాసింది. మనుషుల ఫోటోలు తీసే మామూలు లెన్సుతో దీపానికి ఎదురుగా తీస్తే మధ్యలో తెల్లటి మరక పడింది. "ఇదీ నిజమే" అని రాసింది. చివరికి పొడవాటి లెన్సుతో అదే చర్చి గోడ తీసింది. నాలుగు మూలలా ఇటుకలు గీత గీసినట్టు ఉన్నాయి.

నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించింది. "ఎందుకో తెలుసా కొమాద్రే? ఇది పొడుగ్గా ఉందిగా. వెలుతురు అంత దూరం లోపల నడిచి వచ్చేసరికి నిటారుగా అయిపోతోంది. గిన్నెలు నిండుతున్నాయి. పాతది కావడంలో ఏమీ లేదు, వెలుతుర్ని ఎలా పంపిస్తుందన్నదే సంగతి."

ఊదా అంచు మాత్రం ఉంది. వెలుతుర్ని లోపలికి వదిలే లెన్సు కంటిపాపని రెండు మెట్లు బిగిస్తే చాలా వరకు పోయింది. మరక కూడా పలచగా పడుతోంది. దానికి స్టూడియోలో పాత నల్ల ముఖమల్ తెర కత్తిరించి కడియం లోపలంతా అతికించింది. ఎటుపోయిన వెలుతుర్ని అటే మింగేస్తుందని.

మార్చిలో ఒక సాయంత్రం పడమట సన్నటి నెలవంక ఉంది. లుక్రేసియా సెలవు మీద వచ్చింది. ఒతీలియా షట్టరు రెండు సెకన్లు తెరిచి పెట్టి తీసింది. ఫోటోలో నెలవంక తెల్లటి ముద్దయిపోయింది. కానీ దాని ఒడిలో, మిగతా చీకటి చంద్రుడు బూడిద రంగులో గుండ్రంగా వచ్చాడు. అందులో కుందేలు కనిపిస్తోంది. చెవులతో సహా.

"అమ్మా, ఇదెక్కడి వెలుతురే?" అంది లుక్రేసియా.

"మనదే. ఎండ మన నేల మీద పడి, అక్కడికి వెళ్ళి, మళ్ళీ వస్తోంది. డోన్ అన్సెల్మో చెప్పేవాడు. ఫిల్ము మీద ఎన్నిసార్లు తీశానో, నాకెప్పుడూ ఇట్లా పడలేదు."

ఆవిడ అప్పుడే ఒక లెక్క కట్టుకుంది. గ్రహణం నాడు చంద్రుడు మనకి పూర్తిగా చీకటి మొహమే చూపిస్తాడు. ఆ మొహం మీద కూడా ఈ వెలుతురు పడుతూనే ఉండాలిగా? ఊళ్ళోకి తిరిగొచ్చిన ఇంజనీరుని చౌకులో ఆపి అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఉంటుంది డోన్యా. కానీ సూర్యుడి చుట్టూ కిరీటంలా లేచే వెలుగు దాన్ని ముంచేస్తుంది. మీ పాత అద్దంలో ఆ వెలుగంతా లోపల చెల్లాచెదురవుతుంది. పైగా మబ్బు పొర ఉంటే ఆశే వద్దు. ఆ రెండు సెకన్లు వృథా చేసుకోకండి."

ఏప్రిల్ ఎనిమిది పొద్దున మబ్బు పొర ఉంది. గాజుగుడ్డంత పలచన, ఆకాశం నిండా. ఊళ్ళో బస్సులకి చోటు లేదు. మేం ఒతీలియా పెరట్లో పెకాన్ చెట్టు అవతల కెమెరా స్టాండు నిలబెట్టాం. లెన్సు ముందు కొసకి, ఎండని ఆపే నల్ల పొరని అట్ట చట్రంలో బిగించాం. సూర్యుడు పూర్తిగా మాయమవగానే ఆ పొర తీయడం, సెకన్లు గట్టిగా లెక్కపెట్టడం నా పని. ఎన్నో ఫోటో ఎంత వేగంతో తీయాలో కాగితం చూసి చదవడం లుక్రేసియా పని. పది రోజులుగా రోజూ మధ్యాహ్నం అలవాటు చేసుకున్నాం. ఫిదెన్సియో గోర్దీతా రొట్టెల పొట్లం పట్టుకుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

పదకొండు ముప్పావుకి వెలుతురు రంగు మారింది. ఎండ ఉంది, వేడి లేదు. పెకాన్ ఆకుల కింద నేల మీద వందల నెలవంకలు పడ్డాయి. నా జాకెట్టు మీద, ఫిదెన్సియో టోపీ మీద, నీళ్ళ తొట్టి మీద కూడా. గాలి చల్లబడింది. నల్ల పిట్టలు గుంపులు గుంపులుగా చెట్ల మీద దిగాయి, ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. పడమట కొండల మీదుగా చీకటి నడిచి రావడం నేను నా కళ్ళతో చూశాను. అంత పెద్దది ఏదీ అంత నిశ్శబ్దంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"తియ్యి!" అంది ఒతీలియా.

పొర తీశాను. తీసి పైకి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆకాశంలో ఒక నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి వెలుగు రేకులు. కింది అంచున ఎర్రటి చుక్కలు, నిప్పురవ్వల్లా. పక్కన శుక్రుడు. నాలుగు దిక్కులా ఒకేసారి సూర్యాస్తమయం రంగు. ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. నాకు ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నేర్పిన అంకెలు ఒక్కటీ గుర్తు రాలేదు. దేవుడి పేరు పలుకుతూ ఏడుస్తున్నాను.

"కొమాద్రే! తర్వాత ఏడు, ఇప్పుడు లెక్కపెట్టు!"

"ఎంత... ఎంతైందో నాకు..."

"అమ్మా, వెయ్యో వంతు! తర్వాత రెండొందల యాభయ్యో వంతు!" కాగితం చూసి అరిచింది లుక్రేసియా. ఫిదెన్సియో ఎక్కడి నుంచో గట్టిగా లెక్క అందుకున్నాడు, పంపు ఆడించేటప్పుడు లెక్కపెట్టినట్టు. "తొంభై! తొంభై ఒకటి!" ఒతీలియా మాత్రం కెమెరా వెనక వంగి, షట్టరు తీగ నొక్కుతూ, వేగం మార్చే చక్రం తిప్పుతూ ఉంది. మధ్య మధ్య తల ఎత్తి చూసేది. చూసిన ప్రతిసారీ నోరు కొంచెం తెరుచుకునేది, మళ్ళీ వంగేది.

రెండొందలు దాటాక లుక్రేసియా, "కాగితంలో ఉన్నవి అయిపోయాయమ్మా" అంది.

"మబ్బు చూడు. పలచబడిందా?"

"కొంచెం."

"రెండు సెకన్లు పెడుతున్నా."

"వద్దన్నాడుగా ఆయన!"

"ఆయన దాదాపు అన్నాడే" అని తీగ నొక్కింది. షట్టరు తెరుచుకున్న చప్పుడు విన్నాం. ఫిదెన్సియో రెండు అంకెలు లెక్కపెట్టాడు. మూసుకున్న చప్పుడు. ఇంకోసారి. ఇంకోసారి. అప్పుడు నల్ల గుండ్రం అంచున ఒక్క వెలుగు బొట్టు పొంగింది. "మూత!" అంది. నేను పొర పెట్టాను. పగలు తిరిగొచ్చింది. పక్కింటి కోడిపుంజు కూసింది.

ఒతీలియా స్టాండు పట్టుకుని అలాగే నిలబడింది. నా వైపు తిరిగి, "ఇదా కొమాద్రే! ఇదా మనం బఠానీలు ఒలుస్తూ పోగొట్టుకున్నది!" అంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

మధ్యాహ్నం స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్నాం. వేగంగా తీసిన వాటిలో కింది అంచున ఎర్రటి మంటలు వంపులు తిరిగి లేచి ఉన్నాయి. వాటి కొసలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. "కనురెప్పలు లెక్కపెట్టచ్చన్నాడు" అని గొణిగింది ఒతీలియా. నెమ్మదిగా తీసిన వాటిలో కిరీటం రేకులు తెర అంచుల దాకా పరుచుకున్నాయి. ఇక రెండు సెకన్ల ఫోటోలు. మొదటిది అంతా తెల్లటి వెలుగు, మధ్యలో నల్లటి బిళ్ళ. అంతే.

"ఇంజనీరు గెలిచాడు" అంది లుక్రేసియా.

"ఆ నల్లదాన్ని మెల్లగా పైకి లాగు. మెల్లగా."

లుక్రేసియా తెర మీద వెలుతురు పెంచే గీతని వేలితో జరిపింది. నలుపు బూడిదగా మారింది. బూడిదలో మరకలు లేచాయి. మరకలు దగ్గరకి చేరాయి. ముందు ఒక చెవి, తర్వాత ఇంకో చెవి, గుండ్రటి వీపు. సూర్యుడికి అడ్డంగా నిలబడిన చంద్రుడి చీకటి మొహం మీద మన నేల నుంచి వెళ్ళిన వెలుతురు. దానిలో కుందేలు.  ఫిదెన్సియో గుమ్మంలో నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఒతీలియా తెర మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. "ఆపేయ్ కాసేపు" అంది. లేచి పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ లెన్సు అరవయ్యేళ్ళ కిందట చేసి ఉంటారు కొమాద్రే" అంది. "అప్పటికి ఈ సెన్సరన్న మాటే లేదు. వాళ్ళు గాజు అరగదీసి అరగదీసి, ఇంత సన్నటి వెలుతురు కూడా దారి తప్పకుండా పోయేట్టు చేశారు. పట్టుకునేది లేదని తెలిసి కూడా. ఎవరి కోసం చేశారంటావ్?"

 టీచరుగా పనిచేసినంత కాలంలో అంత పెద్ద ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఐదింటికి ఇంజనీరు వచ్చాడు. వాళ్ళ బృందం బస్సు చౌకులో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. "చెప్పి వెళ్దామని ఆగాను డోన్యా, ఎలా వచ్చాయి?" అన్నాడు. ఒతీలియా ముందు చెడిపోయిన వాటినే చూపించింది. పచ్చటి మరక పడ్డది ఒకటి, ఊదా అంచు పోనిది ఒకటి. "ఇక్కడ మీ మాటే నిజమైంది" అంది. ఆయన తల ఊపాడు. తర్వాత కుందేలు ఫోటో తెరిచింది.

ఇంజనీరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "మా కొత్త లెన్సుల్లో కూడా వచ్చి ఉండచ్చు. మేం చూడనేలేదు. మబ్బుందని ఆ వేగమే పెట్టలేదు" అన్నాడు మెల్లగా. "ఈ లెన్సు ఒక్కసారి చూడచ్చా?"

ఒతీలియా కడియం ఊడదీసి లెన్సు ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని గుమ్మం వైపు, సాయంత్రపు ఎండకి ఎత్తి పట్టాడు. అవతలి కొసన చౌకు తలకిందులుగా, చిన్నగా, స్వచ్ఛంగా వేలాడుతోంది. చెట్లూ, బల్లలూ, జనమూ. బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఆయన లేవలేదు.